క్రెడిట్ నివేదికలో తప్పులు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల మా శీర్షికకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ‘సిబిల్’ గురించినవే. ఒకే రకమైన సందేహాలను కలిపి, రాసినవారి పేర్లు తీసివేసి, ఊళ్లు మాత్రం ఉంచి ప్రచురిస్తున్నాము. సమాధానాలకు ముందు ఒక విషయం చెప్పాలి. మన దేశంలో రిజర్వు బ్యాంకు అనుమతితో నడిచే క్రెడిట్ సమాచార సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హై మార్క్. ఇవి ఎవరికీ అప్పులివ్వవు, ఎవరి వాయిదాలూ వసూలు చేయవు. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు పంపిన వివరాలను మనిషివారీగా కూర్చి నివేదికగా ఇస్తాయి. అందువల్ల తప్పు కనిపించేది సిబిల్ కాగితంలోనే అయినా, చాలావరకు అది పుట్టేది అప్పిచ్చిన సంస్థ రికార్డులో. ఈ తేడా తెలియక నెలల తరబడి తిరుగుతున్నవారే ఎక్కువగా మాకు రాస్తున్నారు.

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. ఇంటి రుణానికి దరఖాస్తు చేస్తే, నా పేరు మీద ఉన్న వ్యక్తిగత రుణం ఒకటి చాలా నెలలుగా బకాయి పడి ఉందని బ్యాంకు తిరస్కరించింది. ఆ రుణం నేను తీసుకోలేదు. దాన్ని ఇచ్చిందని చెబుతున్న ఫైనాన్స్ కంపెనీ పేరు కూడా నేను వినలేదు. బ్యాంకు మేనేజరు గారు సిబిల్‌కు రాసుకోమంటున్నారు. సిబిల్‌కు రాస్తే, రుణదాతను అడిగి చెబుతామని జవాబిచ్చారు. నేను ఎవరిని పట్టుకోవాలి?
— పాఠకురాలు, ఒంగోలు

సమాధానం: సిబిల్‌కూ, ఆ ఫైనాన్స్ కంపెనీకీ ఇద్దరికీ రాయాలి, అయితే ఒత్తిడి పెట్టవలసింది కంపెనీ మీద. 2005 నాటి క్రెడిట్ సమాచార సంస్థల చట్టం 21వ సెక్షను ప్రకారం నివేదికలో సవరణ కోరే హక్కు మీకు ఉంది, కోరిన 30 రోజుల్లో చర్య తీసుకోవలసిన బాధ్యత వారికి ఉంది. కాని రుణదాత సరేనని ధ్రువీకరించనిదే సిబిల్ గాని, మిగతా మూడు సంస్థలు గాని తమంతట తాము ఒక్క అంకెను కూడా మార్చడానికి వీలులేదని అదే సెక్షను చెబుతోంది. ‘రుణదాతను అడిగి చెబుతాము’ అన్న జవాబు తప్పించుకోవడం కాదు, చట్టం వారికి విధించిన పద్ధతి అది. ఇక మీ ఇంటి రుణాన్ని తిరస్కరించిన బ్యాంకుకు ఈ వ్యవహారంలో ఏ పాత్రా లేదు. ఆ మేనేజరు గారు నివేదికను చదివినవారే గాని రాసినవారు కారు.

ముందుగా నాలుగు సంస్థల నుంచీ మీ నివేదికలు తెప్పించుకోండి. 2017 జనవరి 1 నుంచి ప్రతి సంస్థా ఏడాదికి ఒకసారి స్కోరుతో (అప్పులు తీర్చిన తీరును బట్టి లెక్కగట్టే అంకెతో) సహా పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు ఆదేశం, కాబట్టి దీనికి మీకు పైసా ఖర్చు లేదు. సంస్థల వెబ్‌సైట్లలో నెలవారీ చందా పథకాలు ముందు కనిపిస్తాయి, ఉచిత నివేదిక లంకె ఎక్కడో కింద ఉంటుంది, కాస్త ఓపిగ్గా వెతకాలి. నాలుగూ చేతికి వచ్చాక ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడండి. రుణదాతలంతా నాలుగు సంస్థల్లోనూ సభ్యులుగా ఉండాలన్న నిబంధన 2015 నుంచి అమలులో ఉంది గనుక, మీది కాని ఆ రుణం నాలుగింటిలోనూ కనిపిస్తే, ఫైనాన్స్ కంపెనీ తన రికార్డులోనే మీ పాన్ నంబరును వేరొకరి ఖాతాకు ఎక్కించి ఉండవచ్చు. ఒక్క సంస్థ నివేదికలోనే కనిపించి మిగతా మూడింటిలో లేకపోతే, ఇద్దరు మనుషుల వివరాలను ఆ సంస్థ ఒకరివిగా కలిపివేసిందని అనుమానించాలి. ఎవరికి రాసే ఫిర్యాదులో ఏది నొక్కి చెప్పాలో దీన్నిబట్టి తేలుతుంది.

ఇలా కలిసిపోవడం మన ప్రాంతంలో అసాధ్యమేమీ కాదు. సంస్థలు మనిషిని గుర్తుపట్టేది పేరు, పుట్టిన తేదీ, పాన్, ఫోను నంబరు, చిరునామా వంటి వివరాలతో. మన పేర్లలో ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఇంకో కాగితంలో వెనుక, మరో కాగితంలో ఒక్క అక్షరంగా ఉంటుంది. పెళ్లయ్యాక కొందరికి ఇంటిపేరు మారుతుంది, కొందరికి మారదు. ‘లక్ష్మి’ అన్న పేరును ఇంగ్లీషులో ఎన్ని విధాలుగా రాస్తారో చెప్పనక్కరలేదు. వీటికి తోడు, ఒక తరం వారికి అసలు పుట్టిన తేదీ తెలియక, బడిలో చేర్చుకున్న రోజున పంతులుగారు రాసిన జూన్ లేదా జూలై 1వ తేదీయే జీవితాంతం నిలిచిపోయింది. ఒకే పేరు, ఒకే జిల్లా, ఒకే పుట్టిన తేదీ ఉన్న ఇద్దరు మనుషులు కంప్యూటరుకు ఒకరిగా కనిపిస్తే ఆశ్చర్యపోవలసింది లేదు. అందుకే నివేదికలో రుణాల భాగానికి వెళ్లే ముందు, పైన ఉండే వ్యక్తిగత వివరాలను జాగ్రత్తగా చదవండి. మీరు ఎన్నడూ నివసించని చిరునామా, మీది కాని ఫోను నంబరు అక్కడ ఉంటే, అవి ఆ రెండో వ్యక్తివే అయి ఉండే అవకాశం ఎక్కువ. మీ వాదనకు అంతకన్నా బలమైన ఆధారం దొరకడం కష్టం.

ఆ తరువాత సంస్థ వెబ్‌సైటులో వివాదం నమోదు చేయండి. నివేదిక మీద ఉండే కంట్రోల్ నంబరు, తప్పుగా ఉన్న ఖాతా నంబరు, ఏ గడిలో ఏమి తప్పు అన్నది విడివిడిగా రాయాలి. ‘నా నివేదిక అంతా తప్పు’ అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. అదే రోజున ఫైనాన్స్ కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఈమెయిలు పంపి, ఆ రుణానికి సంబంధించిన దరఖాస్తు, ఒప్పందం, గుర్తింపు పత్రాల నకళ్లు, డబ్బు జమ చేసిన బ్యాంకు ఖాతా వివరాలు చూపమని కోరండి. మీ పాన్, ఆధార్ నకళ్లను జత చేసేటప్పుడు ‘ఫలానా ఫిర్యాదు కోసం మాత్రమే’ అని తేదీతో అడ్డంగా రాసి పంపడం మంచిది. ఫోనులో మాట్లాడినదానికి విలువ లేదు. ఫోనులో మాట్లాడినా, మాట్లాడిన సారాంశాన్ని ఆ రోజే ఈమెయిలుగా పంపండి.

మీ ఇంటి రుణం విషయానికి వస్తే, వివాదం తేలేదాకా మరో నాలుగు బ్యాంకులకు దరఖాస్తు చేయవద్దు. ప్రతి దరఖాస్తూ నివేదికలో ఒక విచారణగా నమోదవుతుంది, తక్కువ కాలంలో అలాంటివి ఎక్కువైతే స్కోరుకు అదో అదనపు భారం.

ప్రశ్న: నా నివేదికను నేనే మాటిమాటికీ చూసుకుంటే స్కోరు తగ్గుతుందా?
— పాఠకుడు, రాజమహేంద్రవరం

సమాధానం: తగ్గదు. మీరు రుణానికి దరఖాస్తు చేసినప్పుడు రుణదాత తెప్పించుకునే నివేదిక వేరు, మీరు స్వయంగా చూసుకునేది వేరు. మొదటిదే లెక్కలోకి వస్తుంది.

ప్రశ్న: వ్యాపారంలో నష్టం వచ్చి క్రెడిట్ కార్డు బాకీ 1,40,000 రూపాయలకు చేరింది. బ్యాంకు తరఫున వచ్చినవారు 60,000 కడితే లెక్క ముగించేస్తామన్నారు. కట్టాను, లేఖ కూడా ఇచ్చారు. ఇప్పుడు నివేదికలో ‘సెటిల్డ్’ అని ఉంది, ‘క్లోజ్డ్’ అని లేదు. ఇది తప్పు కదా? సరిచేయించి పెడతామని, అందుకు 15,000 ఇవ్వాలని ఒక ఏజెంటు అంటున్నారు.
— పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: మీకు నచ్చని జవాబే చెప్పవలసి వస్తోంది. ఇది తప్పు కాదు. పూర్తి బాకీ చెల్లిస్తే ‘క్లోజ్డ్’ అని, బ్యాంకు కొంత వదులుకుని లెక్క ముగిస్తే ‘సెటిల్డ్’ అని నమోదు చేస్తారు. మీ విషయంలో 80,000 రూపాయలు బ్యాంకు వదులుకుంది, నివేదిక ఆ సంగతినే చెబుతోంది. ‘లెక్క ముగిసింది’ అన్న మాటను మీరు ఒక అర్థంలో విన్నారు, వసూలుకు వచ్చినవారు ఆ రెండో అర్థాన్ని వివరించలేదు. అలా వివరించకపోవడం అన్యాయమే అయినా, దాన్ని నివేదికలోని పొరపాటుగా సవరించడం కుదరదు.

ఇలాంటి నమోదు పోవడానికి ఉన్న నిజమైన మార్గం ఒక్కటే. ఆ వదిలేసిన మొత్తాన్ని, బ్యాంకు ఒప్పుకుంటే ఏదైనా తగ్గింపుతో, చెల్లించి, ఖాతాను ‘క్లోజ్డ్’గా మారుస్తామని డబ్బు కట్టక ముందే రాతపూర్వకంగా తీసుకుని, కట్టాక బకాయి లేదన్న ధ్రువపత్రం పొందాలి. అప్పటికీ గతంలో వాయిదాలు తప్పిన నెలల వివరాలు వెంటనే పోవు. నివేదికలో గత 36 నెలల చెల్లింపుల చరిత్ర నెలవారీగా కనిపిస్తుంది, సంస్థలు సమాచారాన్ని కనీసం ఏడేళ్లు భద్రపరచాలి కూడా. మళ్లీ డబ్బు కట్టడం లాభమా కాదా అన్నది మీకు సమీప భవిష్యత్తులో పెద్ద రుణం అవసరమా అన్నదాని మీద ఆధారపడుతుంది. అవసరం లేకపోతే తొందరపడనక్కరలేదని నా అభిప్రాయం.

ఏజెంటుకు మాత్రం ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు. వివాదం నమోదు చేయడం ఉచితం, మీరు చేయగలిగినదానికి మించి అతను చేయగలిగింది ఏమీ లేదు. నిజమైన నమోదును తీయించేస్తామని చెప్పేవారు డబ్బు తీసుకుని ఊరికే ఒక ఆన్‌లైన్ వివాదం వేస్తారు, ముప్పై రోజులకు ‘సమాచారం సరైనదే’ అని జవాబు వస్తుంది. ఈలోగా మీ పాన్, ఆధార్, ఓటీపీలు అతని చేతిలో ఉంటాయి, అసలు ప్రమాదం అక్కడ ఉంది.

ప్రశ్న: మాది రైతు కుటుంబం. నా పంట రుణం 2024లో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన మాఫీ కింద పోయింది, బ్యాంకులో అడిగితే జమ అయిందన్నారు. ఇప్పుడు ట్రాక్టరు రుణానికి వెళితే ఆ పంట రుణం ఇంకా బకాయిగానే కనిపిస్తోందంటున్నారు. ప్రభుత్వం మాఫీ చేసిన అప్పు నా పేరు మీద ఎలా ఉంటుంది?
— పాఠకుడు, జగిత్యాల

సమాధానం: మీ ప్రశ్నలో రెండు వేరు వేరు విషయాలు కలిసి ఉన్నాయి. మొదటిది, ఇప్పటికీ బకాయి ఉన్నట్లు చూపడం. రెండవది, మాఫీ సొమ్ము జమ కాకముందు బకాయి ఉన్న కాలాన్ని చూపడం. మొదటిది తప్పు అయి ఉండవచ్చు. రెండవది, చేదుగా ఉన్నా, జరిగిన సంగతే.

మొదటిదాన్ని తేల్చుకోవడానికి బ్యాంకు నుంచి ఆ రుణ ఖాతా స్టేట్‌మెంటు తీసుకోండి. నోటిమాటగా ‘జమ అయింది’ అంటే సరిపోదు, ఏ తేదీన ఎంత జమ అయింది, ఆ తరువాత నిలువ సున్నా అయిందా అన్నది కాగితం మీద చూడాలి. 2018 డిసెంబర్ 12 నుంచి 2023 డిసెంబర్ 9 వరకు తీసుకున్న పంట రుణాలకు, కుటుంబానికి రెండు లక్షల రూపాయల వరకు ఆ మాఫీ వర్తించింది. రెండు లక్షలకు పైబడి ఉన్నవారు ఆ పై మొత్తాన్ని ముందు తామే కట్టాలన్న షరతు ఉంది. మొత్తాన్ని లెక్కించింది 2023 డిసెంబర్ 9 నాటి బాకీని బట్టి గనుక, ఆ తేదీ తరువాత పడిన వడ్డీ ఏమైనా ఖాతాలో మిగిలిపోయిందేమో ముఖ్యంగా చూడాలి. కొన్ని వందల రూపాయలు మిగిలినా ఆ ఖాతా తీరినట్లు కాదు, అది నెలనెలా బకాయిగానే నివేదికకు వెళుతూ ఉంటుంది. మిగిలి ఉంటే కట్టేసి రసీదు తీసుకోండి, లేదా రుణాన్ని కొత్త పంటకాలానికి రెన్యువల్ చేయించుకోండి. నిలువ సున్నా అయి ఉండి కూడా నివేదికలో బకాయి కనిపిస్తే అది బ్యాంకు సరిచేయవలసిన తప్పు. స్టేట్‌మెంటు నకలు జతచేసి శాఖకు దరఖాస్తు ఇచ్చి, మీ దగ్గర ఉంచుకునే రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి.

2025 జనవరి 1 నుంచి రుణదాతలు కనీసం పదిహేను రోజులకు ఒకసారి సంస్థలకు సమాచారం పంపాలి. అంతకుముందు నెలకు ఒకసారి పంపేవారు. కాబట్టి ఈ రోజు ఖాతా ముగించి రేపే నివేదిక చూడవద్దు, నాలుగు వారాలు ఆగి చూడండి. మాఫీ ప్రకటన నుంచి జమ దాకా ఎదురుచూసిన నెలల్లో ఖాతా గడువు దాటి ఉంటే ఆ నెలల గుర్తులు నివేదికలో నిలుస్తాయి. అది మీ తప్పు కాకపోవచ్చు, అయినా వివాదం వేసి తీయించగలిగేది కాదు. ట్రాక్టరు రుణం అడిగే చోట మాఫీ జమ అయిన తేదీ చూపే స్టేట్‌మెంటును దరఖాస్తుతోనే పెట్టి, ఆలస్యానికి కారణాన్ని ఒక పేజీలో రాసి ఇవ్వండి. ఫలానా స్కోరుకు తగ్గితే అప్పు ఇవ్వరాదని రిజర్వు బ్యాంకు ఏ పరిమితీ పెట్టలేదు, నిర్ణయం ఆ బ్యాంకుదే. గ్రామీణ శాఖల్లోని అధికారులకు మాఫీ సంగతులు బాగానే తెలుసు, కాగితం ఉంటే వారికి పైవారికి రాయడం తేలికవుతుంది.

ప్రశ్న: డిగ్రీ పూర్తిచేసి ఈ మధ్యనే ఉద్యోగంలో చేరాను. జీవితంలో ఎప్పుడూ అప్పు తీసుకోలేదు. నివేదిక తెప్పించి చూస్తే 8,000 రూపాయల రుణం ఒకటి ఉంది, రెండు వాయిదాలు తప్పినట్లు రాసి ఉంది. మా స్నేహితులు ‘చిన్న మొత్తమే కదా, కట్టేసి వదిలించుకో’ అంటున్నారు.
— పాఠకుడు, విజయవాడ

సమాధానం: కట్టవద్దు. కట్టడమంటే ఆ అప్పు మీదేనని ఒప్పుకున్నట్లు లెక్క, పైగా మీ పాన్ వాడి ఇలాంటిది ఒకటి తీసుకున్నవారు ఇంకొకటి తీసుకోరన్న హామీ లేదు.

ఇది మొబైల్ యాప్ ద్వారా ఇచ్చిన రుణంలా కనిపిస్తోంది. నివేదికలో యాప్ పేరు ఉండదు, దాని వెనుక ఉండి డబ్బు ఇచ్చిన బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంటుంది. ఏ యాప్ ఏ కంపెనీ తరఫున పనిచేస్తుందో చూపే జాబితా 2025 జూలై నుంచి రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో ఉంది. ఆ కంపెనీకి రాసే ఫిర్యాదులో మీరు అడగవలసిన అతి ముఖ్యమైన ప్రశ్న, ఆ డబ్బు ఏ బ్యాంకు ఖాతాలో పడింది అన్నది. డిజిటల్ రుణాలను, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, రుణగ్రహీత బ్యాంకు ఖాతాలోకే నేరుగా పంపాలని 2022లోనే రిజర్వు బ్యాంకు నిర్దేశించింది. ఆ ఖాతా మీది కానప్పుడు మీకు రుణం ఇచ్చామని కంపెనీ నిరూపించడం దాదాపు అసాధ్యం. మీ బ్యాంకు ఖాతాల ఆ నెల స్టేట్‌మెంట్లను జతచేయండి. తీసుకున్న ఫొటో, ఫోను నంబరు, ఒప్పందం మీద ఓటీపీ సంతకం వివరాలు కూడా చూపమనండి.

దీనితో పాటు జాతీయ సైబర్ నేరాల ఫిర్యాదు పోర్టల్‌లో గాని, 1930 నంబరుకు ఫోను చేసి గాని ఫిర్యాదు నమోదు చేసి, ఆ నంబరును కంపెనీకీ, నాలుగు క్రెడిట్ సంస్థలకూ తెలపండి. ఎవరైనా మీ నివేదికను తెప్పించుకున్నప్పుడు మీకు ఎస్సెమ్మెస్ లేదా ఈమెయిలు ద్వారా తెలపాలన్న నిబంధన ఉంది, కాని సంస్థ దగ్గర మీ సరైన నంబరు ఉంటేనే ఆ సందేశం మీకు చేరుతుంది. నివేదికలో ఎవరి ఫోను నంబరు ఉందో చూసి ముందు దాన్ని మార్పించుకోండి. ఇదే వ్యక్తి మరోసారి ప్రయత్నిస్తే మీకు ఆ రోజే తెలుస్తుంది.

ప్రశ్న: బావమరిది కారు రుణానికి జామీను ఉన్నాను. ఆయన వాయిదాలు సరిగా కట్టడం లేదు. ఆ రుణం నా నివేదికలోకి ఎందుకు రావాలి? తీయించవచ్చా?
— పాఠకుడు, కర్నూలు

సమాధానం: తీయించలేరు. జామీను సంతకం పెట్టినప్పుడు ఆయన కట్టకపోతే నేను కడతానని మీరు ఒప్పుకున్నారు, నివేదిక ఆ బాధ్యతను చూపుతోంది. నివేదికలో ఆ ఖాతా పక్కన మిమ్మల్ని హామీదారు అని కాకుండా సొంత రుణగ్రహీత అనో, ఉమ్మడి రుణగ్రహీత అనో రాసి ఉంటే మాత్రం అది సవరించదగిన తప్పు. అలా లేకపోతే ఉన్న దారి బావమరిది గారితో మాట్లాడటమే, ఆ సంభాషణకు మా శీర్షిక సాయం చేయలేదు.

ప్రశ్న: నా పాత ఇంటి రుణం 2019లోనే తీరిపోయింది. ఆ బ్యాంకు తరువాత మరో బ్యాంకులో విలీనమైంది. ఇప్పుడు నివేదికలో ఆ రుణం రెండుసార్లు కనిపిస్తోంది, పాత బ్యాంకు పేరుతో ముగిసినట్లు, కొత్త బ్యాంకు పేరుతో నడుస్తున్నట్లు.
— పాఠకురాలు, గుంటూరు

సమాధానం: విలీనమైన బ్యాంకు ఖాతాల బాధ్యత కొత్త బ్యాంకుదే. ఆంధ్రా బ్యాంకు ఖాతాలకు 2020 ఏప్రిల్ 1 నుంచి యూనియన్ బ్యాంకు, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఖాతాలకు 2017 ఏప్రిల్ 1 నుంచి స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా జవాబు చెప్పాలి. మీ బ్యాంకు ఏదైనా ఇదే పద్ధతి. అప్పట్లో ఇచ్చిన బకాయి లేదన్న ధ్రువపత్రం, తనఖా విడుదల పత్రం నకళ్లతో కొత్త బ్యాంకుకు రాసి, రెండో నమోదును తొలగించమని కోరండి. పాత శాఖ ఉన్న ఊరికి వెళ్లవలసిన పని లేదు. ధ్రువపత్రం పోగొట్టుకుని ఉంటే, తనఖా రద్దు చేయించినప్పుడు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఏదైనా దస్తావేజు నమోదైందేమో చూడండి. నమోదై ఉంటే దాని నకలు కూడా పనికివస్తుంది.

ప్రశ్న: అమెరికాలో డాలస్‌లో ఉంటున్నాను. హైదరాబాదులో ఉన్నప్పటి క్రెడిట్ కార్డును వాడటం మానేశాను. వార్షిక రుసుము, దాని మీద వడ్డీ కలిసి బాకీ పేరుకుని, ఇప్పుడు ‘రిటెన్ ఆఫ్’ (వసూలు కాని బాకీగా బ్యాంకు రాసేసింది) అని ఉందట. మా ఊళ్లో అమ్మావాళ్లకు ఇల్లు కట్టించడానికి ఎన్నారై రుణం అడిగితే ఈ సంగతి బయటపడింది. ఇక్కడ నా స్కోరు చాలా బాగుంది, దాన్ని చూపిస్తే సరిపోదా?
— పాఠకుడు, డాలస్

సమాధానం: సరిపోదు. ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, ట్రాన్స్‌యూనియన్ అన్న పేర్లు రెండు దేశాల్లోనూ వినిపిస్తాయి గాని, అక్కడి మీ చరిత్ర ఇక్కడి నివేదికలో చేరదు, ఇక్కడిది అక్కడికి రాదు.

కార్డును వాడటం మానేయడం వేరు, రద్దు చేయించడం వేరు. మీరు రద్దు చేయమని రాతపూర్వకంగా కోరి ఉండి, బాకీ ఏమీ లేకపోయినా వారు చేయకపోయి ఉంటే, అది వారి లోపం. 2022 జూలై 1 నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం అలాంటి కోరికను ఏడు పనిదినాల్లో నెరవేర్చాలి, లేకపోతే ఖాతా మూసేదాకా రోజుకు 500 రూపాయలు కార్డుదారుకు చెల్లించాలి. మీ పాత ఈమెయిలులో అలాంటి లేఖ ఏదైనా ఉందేమో వెతకండి. లేకపోతే రుసుము న్యాయమైనదా కాదా అన్న వాదన కష్టమే. పేరుకున్న వడ్డీని తగ్గించమని బేరమాడి, ముందు రాతపూర్వక హామీ తీసుకుని పూర్తిగా కట్టి, ఖాతాను మూయించడం తొందరగా తెమిలే మార్గం. ‘సెటిల్డ్’ అని కాక పూర్తి చెల్లింపుగా నమోదు చేస్తామన్న మాట ఆ హామీలో ఉండాలి, విశాఖ పాఠకుడికి చెప్పిన జవాబు మీరూ చదవండి. పాత భారతీయ ఫోను నంబరు ఇప్పుడు మీ దగ్గర లేకపోతే ఓటీపీ రాక ఆన్‌లైన్‌లో నివేదిక తెరుచుకోదు. అప్పుడు పాన్, పాస్‌పోర్టు నకళ్లు జతచేసి సంస్థకు రాతపూర్వకంగా దరఖాస్తు చేసుకోండి.

ప్రశ్న: తీరిపోయిన రుణాన్ని బకాయిగా చూపుతున్నారని బ్యాంకుకూ, క్రెడిట్ సంస్థకూ ఫిర్యాదు చేసి రెండు నెలలు దాటింది. ఒకసారి ‘పరిశీలనలో ఉంది’ అని, మరోసారి ‘సమాచారం సరైనదే అని రుణదాత ధ్రువీకరించారు’ అని జవాబు వచ్చింది. ఆలస్యానికి పరిహారం ఇస్తారని విన్నాను. అది నిజంగా వస్తుందా? ఇక ఎవరికి చెప్పుకోవాలి?
— పాఠకుడు, తిరుపతి

సమాధానం: పరిహారం నిబంధన నిజమే. 2023 అక్టోబర్ 26న రిజర్వు బ్యాంకు జారీచేసిన ఉత్తర్వు ఆరు నెలల తరువాత అమలులోకి వచ్చింది. మీరు బ్యాంకుకు గాని, క్రెడిట్ సంస్థకు గాని మొదట ఫిర్యాదు చేసిన రోజు నుంచి 30 రోజుల్లో అది పరిష్కారం కాకపోతే, ఆపైన ప్రతి రోజుకు 100 రూపాయల చొప్పున ఇవ్వాలి. సెలవు దినాలూ ఈ లెక్కలోకి వస్తాయి. ఉదాహరణకు ఫిర్యాదు 75వ రోజున పరిష్కారమైతే 45 రోజులకు 4,500 రూపాయలు. ఎవరు ఇవ్వాలన్నదీ అందులోనే ఉంది. సంగతి తెలిసిన 21 రోజుల్లోగా సవరించిన సమాచారాన్ని పంపకపోతే బ్యాంకు ఇవ్వాలి. బ్యాంకు సకాలంలో పంపినా 30 రోజుల్లోగా సరిచేయకపోతే క్రెడిట్ సంస్థ ఇవ్వాలి. పరిష్కారమైన అయిదు పనిదినాల్లో ఆ మొత్తం మీ ఖాతాలో పడాలి. అందుకే ఫిర్యాదులోనే బ్యాంకు ఖాతా నంబరు లేదా యూపీఐ ఐడీ ఇవ్వడం మరచిపోవద్దు. స్కోరు లెక్కగట్టిన తీరు మీద చేసే ఫిర్యాదులకు ఈ పరిహారం వర్తించదు.

తీరిన ఇంటి రుణానికి దస్తావేజులు ముప్పై రోజుల్లో తిరిగి ఇవ్వకపోతే రోజుకు 5,000 రూపాయలు ఇవ్వాలని అదే ఏడాది ఆదేశించిన రిజర్వు బ్యాంకు, తప్పుడు నివేదిక వల్ల ఇల్లే కొనలేకపోయినవారికి రోజుకు వంద రూపాయలు చాలని ఎలా అనుకుందో నాకు అర్థం కాదు. అయినా ఆ వందకు ఒక ఉపయోగం ఉంది. రోజులు లెక్కపెట్టే బాధ్యత ఇప్పుడు వారి మీద కూడా పడింది గనుక, ఫిర్యాదు తేదీని ప్రస్తావించి పరిహారం అడుగుతూ రాసిన లేఖను మామూలు లేఖలా పక్కన పెట్టడం కష్టం.

‘సమాచారం సరైనదే’ అన్న జవాబుతో ఆగిపోవద్దు. సవరణను తిరస్కరిస్తే కారణం చెప్పాలన్నది కూడా నిబంధనే. ఏ రికార్డు ఆధారంగా సరైనదన్నారో, రుణం తీరిన తేదీన ఖాతా నిలువ ఎంత ఉందో చెప్పమని బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి రాయండి. మీ ధ్రువపత్రంలో ఉన్న రుణ ఖాతా నంబరు, నివేదికలోని నంబరు ఒకటేనా అన్నది కూడా సరిచూడండి. ఒకే బ్యాంకులో ఇంటి రుణం, దానికి అనుబంధంగా బీమా ప్రీమియం కోసం ఇచ్చిన చిన్న రుణం ఉండి, పెద్దది తీరినా చిన్నది నడుస్తూ ఉండవచ్చు. అలాంటప్పుడు బ్యాంకు జవాబూ నిజమే, మీ ధ్రువపత్రమూ నిజమే.

ఆ తరువాత కూడా తేలకపోతే, ఇలాంటి ఫిర్యాదులను విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. బ్యాంకులతో పాటు క్రెడిట్ సమాచార సంస్థలను కూడా 2022 సెప్టెంబర్ 1 నుంచి ఆ పథకం కిందికి తెచ్చారు. ముందు సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ఉండాలి, 30 రోజుల్లో జవాబు రాకపోయి ఉండాలి లేదా వచ్చిన జవాబు మీకు సంతృప్తి ఇవ్వకపోయి ఉండాలి. మీరు ఈ దశను ఎప్పుడో దాటారు. సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్ అన్న పోర్టల్‌లో ఫిర్యాదు వేయవచ్చు, సందేహాలకు 14448 నంబరు ఉంది. రుసుము లేదు, న్యాయవాది అవసరం లేదు. మీరు రాసిన లేఖలు, వచ్చిన రెండు జవాబులు, నివేదిక నకలు, ధ్రువపత్రం జతచేసి, ‘నివేదిక సవరించాలి, ఫలానా తేదీ నుంచి పరిహారం ఇవ్వాలి’ అని రెండు కోరికలూ విడివిడిగా రాయండి. కోరనిది ఇవ్వరు.

ఈ తప్పు వల్ల మీకు నిర్దిష్టమైన నష్టం జరిగి ఉంటే, ఉదాహరణకు రుణం రాక ఇంటి అడ్వాన్సు పోగొట్టుకుని ఉంటే, ఆ నష్టానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. సేవ కోసం చెల్లించిన మొత్తం అయిదు లక్షల రూపాయల లోపు ఉన్న కేసులకు అక్కడ రుసుము ఉండదు, నష్టానికి కారణం ఏర్పడిన రెండేళ్లలోగా దాఖలు చేయాలి. ఒకే విషయం మీద రెండు చోట్లా ఒకేసారి నడపవద్దు, కమిషన్‌లో ఉన్న వివాదాన్ని అంబుడ్స్‌మన్ స్వీకరించరు. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే మీకు ముందు కావలసింది సవరణ గనుక అంబుడ్స్‌మన్ వద్దకే వెళ్లండి. ఆ పోర్టల్‌లో మీ మొదటి ఫిర్యాదు తేదీని, దాని నంబరును అడుగుతారు, అవి దగ్గర పెట్టుకుని మొదలుపెట్టండి.